ముద్దలో సూది

“నేను పనికెళ్లాక వీడి గొంతులో ఏదన్నా అడ్డం పడితే చూసేదెవరు?”

ఆ మాట ఆమె పొయ్యితో అంది. పొయ్యి పక్కన అత్తగారు నిలబడి ఉన్నారు. ఉన్నారు కాబట్టే అంది. అత్తగారు ఉల్లిపాయను రెండుగా కోసి, చెక్కలు బోర్లించి, పొట్టు ఒక్క లాగుకి లాగేశారు. ముప్పై ఏళ్లు హాస్టల్ వంటగదిలో కోసిన చెయ్యి అది. కత్తి పలక మీద టకటకా పలికింది. మనిషి పలకలేదు.

పద్నాలుగు నెలలుగా ఇంతే. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుతారు, ఒకే పంపు కింద గిన్నెలు కడుగుతారు, ఒకరి మొహాన ఒకరు మాట్లాడరు. రాయబారానికి ఏడేళ్ల పిల్ల ఉంది. ప్రతిదానికీ వాదిస్తుందని వాళ్ల నాన్న దాన్ని లాయరమ్మ అంటాడు.

“లాయరమ్మా, మీ అమ్మకి చెప్పు. డబ్బా మూత గట్టిగా పెట్టమను. నిన్న సంచంతా కారింది.”

“అమ్మా, నానమ్మ...”

“విన్నాన్లే. మూత లోపల రబ్బరు పోయిందని చెప్పు ఆవిడకి.”

“నానమ్మా...”

“నాకూ చెవులున్నాయి.”

“ఇద్దరికీ చెవులుంటే మధ్యలో నా నోరెందుకు?” అంది లాయరమ్మ. జడ కోసం వీపు తిప్పి నిలబడింది. దాని కుడి మణికట్టు మీద చింతగింజంత మచ్చ, చుట్టూ ఉన్న చర్మం కన్నా నున్నగా మెరిసింది. ఆమె రోజూ చూస్తుంది దాన్ని. చూడకుండా జడ వెయ్యలేదు. పద్నాలుగు నెలల కిందట, వేడి మూకుడు అంచుకి పిల్ల చెయ్యి అంటుకున్న రోజున, ఆ చేతిని పంపు కింద పట్టుకుని, “మీరెటు చూస్తున్నారు?” అని అత్తగారిని ఆమె అడిగింది. ఇవాళ్టి వరకూ జవాబు లేదు. ఆ తర్వాత పిల్లలెవరూ వంటగది గడప దాటకూడదని చెప్పింది. అదీ లాయరమ్మతోనే చెప్పించింది.

బుడ్డోడు ఆ గడప దగ్గరే ఎడమ చెప్పు కుడి కాలికి వేసుకుని కూర్చున్నాడు. నాలుగేళ్లు నిండాయి. పోయిన వారం క్లినిక్‌లో నర్సు వాణ్ణి తూకం ఎక్కించి, ముల్లు చూసి, దింపి, మళ్లీ ఎక్కించింది. పదకొండున్నర కిలోలు. “పది రోజులాగి మళ్లీ తీసుకురండమ్మా” అంది. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. ఆ అనకపోవడమే ఆమెను వదల్లేదు. ఏదో ఉండబట్టే అనలేదు. ఏమీ లేకపోతే ‘ఏం లేదు’ అని చెప్పేదిగా!

ఆ సాయంత్రమే ఆడపడుచు ఫోన్ చేసింది. “ఆదివారం వస్తా, వాణ్ణి తీసుకుపోతా. రెండు నెలలు నాకొదిలెయ్యండి. నా ముగ్గుర్నీ చూశారుగా, గుండ్రాళ్లు! నా ముందు తిననని ఎవడంటాడో చూస్తా.” మొన్న సెలవుల్లో రెండు రోజులు వాళ్లింట్లో ఉండి వచ్చినప్పుడు బుడ్డోడి రెండు చెంపల మీదా వేళ్ల గుర్తులున్నాయి. వాడేం చెప్పలేదు. “అక్కడ అత్త ముక్కు మూస్తుందమ్మా, గాలి కోసం నోరు తెరుస్తాం కదా, అప్పుడు కుక్కుతుంది” అని లాయరమ్మ చేసి చూపించింది. ఆమె ఆ సంగతి భర్తతో అంటే, “మమ్మల్నీ అలాగే పెంచారు, చచ్చామా?” అన్నాడు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

ఆమె పని బట్టల కంపెనీలో, చెకింగ్ టేబుల్ దగ్గర. కుట్టిన చొక్కా బల్ల మీదికి వస్తుంది. ముందు కాలరు, తర్వాత భుజం, చంక, చేతి మడత, పక్క కుట్టు, అంచు. కళ్లకన్నా ముందు వేళ్లు వెళ్తాయి. బొటనవేలూ చూపుడువేలూ మధ్య కుట్టు పొడవునా నొక్కుకుంటూ పోతుంది. వదులైన చోట ఎర్ర బాణం స్టిక్కరు అంటిస్తుంది. మంచిదయితే “పాస్” అని పక్కకి తోస్తుంది. చొక్కాకి అర నిమిషం. ఆ బుధవారం మూడో లైన్లో మళ్లీ సూది విరిగింది. సూది విరిగితే ముక్కలన్నీ దొరకాలి. దొరికినవి పుస్తకంలో అతికించి, మొత్తం సూది అయిందని సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఆ లైను కదలదు. ఈసారి కూడా మొన దొరకలేదు. సూపర్‌వైజరు ఆమె తల మీద నిలబడి, “చెకింగ్ దానివి, నీకు దొరక్కపోతే రేపు ఎవడి మెడలోనో దొరుకుద్ది” అన్నాడు. అరవై కాలర్లు నొక్కి నొక్కి చూసింది. వేళ్ల చివర్లు మొద్దుబారాయి. మొన దొరకలేదు.

సాయంత్రం కూడా ఆ వేళ్లే. బుడ్డోణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, అన్నంలో ఉడికిన కేరట్ మెత్తగా చిదిమి, ఎవరికీ కనపడకుండా అడుగున కలిపి, ముద్ద చేసి, ముద్దను నొక్కి, విప్పి, మళ్లీ నొక్కి చూసింది. రాయి ఉందేమో, గింజ ఉందేమో, వెంట్రుక ఉందేమో. “ఏం లేదులే, తిను” అంది. వాడు ముద్ద వైపు చూడలేదు. ఆమె వేళ్ల వైపు చూశాడు, తర్వాత ఆమె కళ్ల వైపు చూశాడు.

“ఎంత చిన్న మొనండీ” అంటోంది ఆమె భర్తతో. “మిరియపు గింజలో సగం కూడా ఉండదు. ఎక్కడికి పోయినట్టు? ఎవరి ఒంట్లోకి దిగుతుందో ఏమో.”

భర్త సిటీ బస్సు డ్రైవరు. యూనిఫాం చొక్కా గుండీలు విప్పుకుని, పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. “సూది సంగతి తర్వాత. ముందు వాడి నోరు తెరిపించు. పదకొండున్నర కిలోలు! మా బస్సెక్కే ముసలమ్మల చేతిసంచి ఇంతకన్నా బరువుంటుంది.”

“తింటున్నాడుగా.”

“ఏది? ఒక్క మెతుకు చూపించు.” పళ్లెం అంచు మీద అరచేత్తో కొట్టాడు. గ్లాసు ఎగిరింది. “నోరు తెరువురా!”

వాడు పెదాలు లోపలికి మడుచుకున్నాడు. కళ్లలో నీళ్లు వచ్చాయి గానీ పెదాలు బయటికి రాలేదు. వంటగదిలో గిన్నె మీద గిన్నె ధడేల్మని పడింది. అత్తగారు ఏదన్నా అనాలనుకుంటే గిన్నెలతో అంటారు.

గురువారం ఆమె ఇల్లు చేరేసరికి బుడ్డోడి వేళ్లు ఎర్రగా ఉన్నాయి. గోళ్ల సందుల్లో కూడా ఎరుపు. ఆమె చేతిలో సంచి గుమ్మంలోనే జారిపోయింది. వాడి చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగి, ఒక్కో వేలూ నొక్కి చూసింది, ఎక్కడ తెగింది, ఎంత లోతు తెగింది, కుట్లు పడతాయా, చీము పడుతుందా. తెగలేదు. వాసన చూసింది. బీట్‌రూట్.

“ఎవరిచ్చార్రా నీకిది?”

వాడు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

“ఏయ్ లాయరమ్మా, ఎవరిచ్చారు?”

“నేను బడికెళ్లాను. ఈ కేసులో నేను సాక్షిని కాదు” అంది లాయరమ్మ. కానీ దాని గౌను అంచు మీద కూడా ఒక ఎర్ర చుక్క ఉంది.

ఆమె ఇంకేం అడగలేదు. తిన్నగా వంటగదిలోకి వెళ్లి, గూట్లో ఉన్న రెండు కత్తులూ, పీలరూ, తురిమే రేకూ తీసి, పాత చీరముక్కలో చుట్టి, తన బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి పర్సులో వేసుకుంది. అత్తగారు ఆ పక్కనే నిలబడి ఆ పనంతా చూశారు.

శుక్రవారం పొద్దున, “లాయరమ్మా, ఇంట్లో దొంగలు పడ్డారా అని అడుగు” అన్నారు అత్తగారు.

“దొంగలు కాదు, పోలీసులని చెప్పు” అంది ఆమె.

ఆ పూట టమాటాలు చేత్తోనే చిదిమి వండారు అత్తగారు. గిన్నె దించి ధనామని పెట్టారు. ఆమె తన పాలు తను పోసుకుని తాగి, ఏమీ తినకుండానే పనికి వెళ్లిపోయింది. దారిలో బస్టాపులో నిలబడి, కత్తి లేదని బ్లేడు వాడతారేమో, పగిలిన గాజు వాడతారేమో అని ఒక్కొక్కటే ఊహించుకుంది. ఊహించిన ప్రతిదాంట్లోనూ బుడ్డోడి వేలుంది.

శనివారం మధ్యాహ్నం కంపెనీలో కరెంటు పోయింది. జనరేటరు కూడా మొరాయించడంతో ఆడవాళ్లను ఇళ్లకి పంపేశారు. ఆమె తలుపు తట్టలేదు. పక్క సందులోంచి వెళ్లి, వంటింటి కిటికీ దగ్గర ఆగింది. దొంగను పట్టుకోవాలంటే చప్పుడు చెయ్యకూడదు కదా.

లోపల అత్తగారు నేల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆవిడకి అటొకరు, ఇటొకరు. మధ్యలో పళ్లెం, పళ్లెంలో పొట్టు తీసిన ఉడికిన గుడ్లు, ఒక ఉడికిన బీట్‌రూట్ దుంప. బుడ్డోడి చేతుల్లో దారం ఉంది. ఆమె కంపెనీ నుంచి తెచ్చిన తెల్ల దారమే. రెండు చివర్లూ రెండు చూపుడువేళ్లకి చుట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, దారాన్ని గుడ్డు నడుం మీద ఆనించి లాగాడు. గుడ్డు రెండు చెక్కలై పక్కకి ఒరిగింది. పచ్చసొన నిండు గుండ్రంగా, అంచు చెదరకుండా ఉంది.

“ఆహా! మా హాస్టల్లో నలుగురు వంటవాళ్లం ఉండేవాళ్లం, ఒక్కడికీ ఇంత సాపుగా రాలేదు” అన్నారు అత్తగారు.

“చెక్ చెయ్యాలి” అన్నాడు వాడు. ఒక చెక్క తీసుకుని, బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి, అంచు పొడవునా నొక్కుకుంటూ వెళ్లాడు. కిటికీ బయట ఆమె వేళ్లు వాటంతటవే కదిలాయి. “పాస్” అని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. మళ్లీ దారం తీశాడు. బీట్‌రూట్ ముక్క ఒకటి లాయరమ్మ వైపు తోసి, “రిజెక్ట్” అన్నాడు.

“ఎందుకు రిజెక్టు?”

“మచ్చ ఉంది.”

“అది దుంప మీద ఉండే మచ్చేరా. ఇటు తే, నేను తింటా.” అత్తగారు దాన్ని నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలారు. వాడు ఆవిడ దవడ మీదే కళ్లు పెట్టి చూశాడు.

“గుచ్చుకుందా నానమ్మా?”

“లేదు.”

“సూది లేదా?”

“లేదురా నాయనా. తియ్యగా ఉంది. కావాలా?”

వాడు మచ్చ ఉన్న ఇంకో ముక్క తీసుకున్నాడు.

ఆమెకు ఆ మాటలు వినబడ్డాయి. వినబడ్డాయి గానీ లోపలికి దిగలేదు. ఎందుకంటే అప్పుడే వాడి వెనక, చెయ్యి చాపితే అందేంత దూరంలో, కింద పీట మీద దించి పెట్టిన వేడినీళ్ల గిన్నె కనపడింది. ఆవిరి ఇంకా లేస్తోంది. ఆమె ఎలా తిరిగి వచ్చిందో, తలుపు ఎలా తోసిందో తెలీదు. బుడ్డోణ్ణి రెక్క పట్టి లేపింది.

“మీరెటు చూస్తున్నారు?” అని అరిచింది.

అవే మాటలు, ఒక్క అక్షరం తేడా లేకుండా. బుడ్డోడు తల్లి మొహం చూసి, నోట్లో ఉన్న ముక్కను అరచేతిలోకి ఉమ్మేశాడు. ఉమ్మి, దాన్ని వేళ్లతో విడదీసి వెతకడం మొదలుపెట్టాడు.

అత్తగారు నేలకి చెయ్యి ఆనించి లేచారు. మోకాలు కీచుమంది. కొంగుతో చేతులు తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా ముందు గదిలోకి వెళ్లి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. వేడినీళ్ల గిన్నె మూత మీద చేతిగుడ్డ మడిచి ఉంది, దాని మీద బరువుగా పప్పు డబ్బా. ఎవడూ మూత తియ్యకుండా పెట్టిన బరువు. ఆవిరి మూత పక్కల నుంచి మాత్రమే వస్తోంది. ఆమె దాన్ని ఇప్పుడు చూసింది.

“కేసు పోగొట్టావమ్మా” అంది లాయరమ్మ. ఏడుపు గొంతుతోనే అంది. “నాలుగు గుడ్లు తిన్నాడు ఈ వారం. నిన్న పచ్చి కేరట్ కూడా కొరికాడు. నిమ్మకాయ నాకి మొహం ఇలా పెట్టాడు. అన్నీ వాడే కోస్తాడు, వాడే తింటాడు. నువ్వు పెడితే మాత్రం తినడు.”

“ఎందుకు తినడే? నేనేం విషం పెడుతున్నానా?”

“సూది పెడుతున్నావని.”

ఆమెకు అర్థం కాలేదు.

“నువ్వు ముద్దలో వెతుకుతావు కదా. ఏం వెతుకుతున్నావో వాడికి తెలుసు. రోజూ చెప్తావుగా, సూది విరిగింది, మొన దొరకలేదు, ఎవరి ఒంట్లోకి దిగుతుందో అని. వెతికి, దొరకలేదంటావు. దొరక్కపోతే ఎక్కడుంటుంది? ముద్దలోనే ఉంటుంది. నేనయినా అదే అనుకుంటాను.”

ఆమె బుడ్డోడి వైపు చూసింది. వాడు అరచేతిలోని ముక్కను ఇంకా విడదీస్తూనే ఉన్నాడు, చాలా జాగ్రత్తగా, అచ్చం ఆమెలాగే. వాణ్ణి లేపినప్పుడు ఆమె వేళ్లకీ బీట్‌రూట్ రంగు అంటుకుంది. వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియక చంకల్లో పెట్టుకుంది.

ఆ సాయంత్రం ఆమె ముద్దలు చెయ్యలేదు. పళ్లెం వాడి ముందు పెట్టి పక్కకి జరిగింది. వాడు తినలేదు. అత్తగారు కూడా గోడ వైపు నుంచి తిరగలేదు. భర్త ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “రేపటితో ఈ గోల వదులుతుంది” అన్నాడు.

ఆదివారం పదింటికల్లా ఆడపడుచు వచ్చింది. చేతిలో ఖాళీ సంచి ఒకటి, పిల్లవాడి బట్టల కోసం. చెప్పులు విప్పుతూనే, “ఏడీ వీరుడు? అమ్మా, నువ్వేంటి అలా గోడకి అతుక్కున్నావ్? ఒరేయ్ తమ్ముడూ, అన్నం పెట్టించు, ముందు ఇక్కడే ఒక పాఠం చెప్పి తీసుకెళ్తా” అంది.

పళ్లెం వచ్చింది. బుడ్డోణ్ణి ఒడిలో వేసుకుని, ఎడమ మోచేత్తో వాడి రెండు చేతులూ అదిమి, రెండు వేళ్లు వాడి ముక్కు దగ్గరికి తెచ్చింది. వాడు అరవలేదు. అరవాలంటే నోరు తెరవాలి. కాళ్లు మాత్రం గాల్లో తన్నుకున్నాయి. ఒక చెప్పు ఊడి పడింది.

ఆమె వెళ్లి ఆడపడుచు మణికట్టు పట్టుకుంది.

“వదులమ్మాయ్” అంది ఆడపడుచు, నవ్వుతూనే.

“మీరు వదలండి వదినా.”

“నీ పెంపకం చూశాంలే. పుల్ల మీద తలకాయ పెట్టినట్టున్నాడు.”

“వాడు వండిపెడతాడు, తిని వెళ్లండి.”

“ఎవడు? వీడా?” ఆడపడుచు తమ్ముడి వైపు తిరిగి పగలబడి నవ్వింది. “మీ ఆవిడకి మతి పోయిందిరా.”

ఆమె అప్పటికే బీరువా తాళం తీస్తోంది. చెవి రెండుసార్లు రంధ్రం తప్పింది. చీరముక్క విప్పి, రెండింట్లో చిన్న కత్తి, మొద్దుదే, తీసి, బుడ్డోణ్ణి చెయ్యి పట్టుకుని వంటగది గడప దాటించింది. వాణ్ణి పీట ఎక్కించి, ఉడికిన బంగాళాదుంపలు గట్టు మీది పలక మీద పెట్టింది. వాడు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టి, ఒకదాన్ని ఇంకోదాంతో పట్టుకుంది. ఇంత కష్టమైన పని కంపెనీలో కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

“నువ్వే కొయ్యి. నువ్వే చెక్ చెయ్యి” అంది.

పక్క పొయ్యి మీద టీ కోసం పాలు పెట్టి ఉన్నాయి. వాడు కత్తి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఆమె కళ్లు ఆ కత్తి అంచు మీదా, వాడి ఎడమ బొటనవేలి మీదా మేకు కొట్టినట్టు ఆగిపోయాయి. ఒక ముక్క పడింది. వంకర ముక్క. ఇంకో ముక్క. వేలు మడుచుకోరా అనబోయి, పెదవి కొరుక్కుంది. మూడో ముక్కకి వాడే వేలు మడుచుకున్నాడు. ఎవరు నేర్పారో ఆమెకు తెలుసు. లాయరమ్మ ఉప్పు చిటికెడు చల్లింది. వాడు ఒక ముక్క తీసి నొక్కి చూశాడు, అంచు పొడవునా. గడప దగ్గర భర్తా, ఆడపడుచూ నిలబడ్డారు.

“పాస్” అన్నాడు. నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడే పాలు సుయ్యిమని పొంగాయి. పొయ్యి ఆరిపోయింది, తెల్లటి ధార గట్టు మీదుగా జారి నేల మీదికి బొటబొటా కారింది. ఆమె కదల్లేదు. పిల్లవాడి చేతిలో కత్తి ఉండగా ఎలా కదులుతుంది? ముందు కత్తి తీసుకుని గట్టు మీద లోపలికి జరిపింది, తర్వాత పొయ్యి కట్టేసింది. అప్పటికి గిన్నెలో సగం కూడా మిగల్లేదు.

“బాగుంది సంబడం! ఎదురుగా ఉన్న పాలు కనపడలేదా? ఎటు చూస్తున్నావమ్మా నువ్వు?” అంది ఆడపడుచు.

ఆమె ముందు గదిలో గోడ వైపు తిరిగి ఉన్న అత్తగారి వీపు వైపు చూసింది.

బుడ్డోడు రెండో ముక్క నములుతూ, మూడోది మేనత్త వైపు చాచాడు. “చెక్ చేశా. సూది లేదు” అన్నాడు. భర్త ఆ ముక్క వైపు, వాడి కదులుతున్న దవడ వైపు చాలాసేపు చూశాడు. కొడుకు నమలడం చూసి ఎన్నాళ్లయిందో లెక్క వేస్తున్నట్టున్నాడు. “అక్కా, పాలు తెస్తాను, టీ తాగి వెళ్దువుగాని” అని చొక్కా తొడుక్కున్నాడు. ఆడపడుచు ఖాళీ సంచి మడిచింది. “రేపు నర్సు చీవాట్లు పెడితే నాకు ఫోన్ చెయ్యకండి” అని ముందు గదిలోకి నడిచింది.

ఆమె కత్తి మళ్లీ వాడి చేతికిచ్చి, గుడ్డ తెచ్చి నేల మీద కూర్చుంది. పాలు గడప దాకా పాకాయి. తుడిచి, బకెట్లో పిండి, మళ్లీ తుడిచింది. ఇంకో గుడ్డ వచ్చి పక్కన ఆనింది. అత్తగారు మోకాలు మీద వంగి, గట్టు కింది సందుల్లో తుడుస్తున్నారు. ఇద్దరి గుడ్డలూ ఒకే బకెట్లో మునిగాయి. గట్టు దగ్గర కత్తి టక్కుమంది, లాయరమ్మ “వేలు, వేలు” అంది. ఇద్దరి తలలూ ఒకేసారి లేచాయి, ఒకేసారి దిగాయి.

“నేను వాడి వేలు చూస్తున్నాను అత్తయ్యా” అంది ఆమె నేల వైపే చూస్తూ. “పాలు చూడలేదు.”

అత్తగారు గుడ్డ పిండారు. చివరి చుక్క పడేదాకా పిండారు. విదిలించారు, మడిచారు, మడిచినదాన్ని మళ్లీ విప్పారు. పిల్లలు ఇంకో దుంప అయిపోగొట్టారు. ముందు గదిలో ఆడపడుచు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. లాయరమ్మ రాయబారం వస్తుందేమోనని ఇటు తిరిగి చూసింది. అత్తగారు దాని వైపు చూడలేదు. తిన్నగా కోడలి మొహంలోకి చూశారు.

“ఆ రోజు నేను పాలు చూస్తున్నానమ్మా.”